పాత బట్టలతో జంపఖానాలు: బొమ్మతో కాదు, తూకంతో మొదలుపెట్టండి

పాత బట్టలతో డిజైన్ ప్రాజెక్టు అనగానే చాలామంది ముందు కాగితం మీద బొమ్మ గీస్తారు. మధ్యలో ఎర్ర పట్టా, అంచుల్లో నీలం, అక్కడక్కడ పసుపు అనుకుంటారు. నేత సగానికి వచ్చేసరికి ఎరుపు అయిపోతుంది. కొత్త నూలైతే దుకాణానికి వెళ్ళి అదే నంబరు షేడు తెచ్చుకోవచ్చు. అదే రంగు పాత చీర ఇంకొకటి ఎక్కడా దొరకదు. కాబట్టి ఇక్కడ డిజైనుకు హద్దు ఇంట్లో పోగుపడిన బట్ట బరువే. ఎంత ఉందో, ఎలాంటిదో, ఏ రంగుదో తూచి రాసుకున్నాకే పెన్సిలు పట్టాలి.

ఈ వివరాలన్నీ 60 × 90 సెంటీమీటర్ల చిన్న జంపఖానాలు నాలుగు, ఒకే కుటుంబంలా కనిపించే సెట్టుగా నేయడానికి పనికొస్తాయి. డిజైన్ కోర్సు చదివేవాళ్ళకి సెమిస్టరు ప్రాజెక్టుగా సరిపోతుంది. పొదుపు సంఘం వాళ్ళు అమ్మకానికి చేసుకోవాలన్నా లెక్కలు ఇవే. పద్ధతి ఇది: పాత బట్టను పొడవాటి పట్టీలుగా చేసి, పడుగులో, అంటే మగ్గం మీద నిలువుగా పరిచిన నూలు పోగుల్లో, అడ్డంగా నేయడం. పట్టీకి అందని చిన్న ముక్కల్ని ఏం చేయాలో చివర్లో ఉంది.

సరుకు ఎక్కడిది, ఏది పనికొస్తుంది

అన్నిటికంటే మంచి సరుకు ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చీర. కుంచించుకుపోవాల్సిందంతా ఎప్పుడో కుంచించుకుపోయి ఉంటుంది, ఊడాల్సిన రంగు చాలావరకు ఊడి ఉంటుంది, నిలువునా చక్కగా చిరుగుతుంది. తర్వాతి స్థానం దుప్పట్లది, పంచెలది, లుంగీలది. టీషర్టులు కూడా బాగుంటాయి, కాకపోతే అవి అల్లిక బట్ట కాబట్టి సాగుతాయి, వాటి సంగతి వేరు. దర్జీ దుకాణంలో జాకెట్టు ముక్కలు సంచులకొద్దీ దొరుకుతాయి గానీ వంపులు తిరిగి, జానెడు మించని ముక్కలే ఎక్కువ. వాటి నుంచి పట్టీ రాదు. నేతకు అవి వద్దు, బొంతకు పక్కన పెట్టండి.

పట్టుచీర దొరికితే కత్తెర పెట్టేముందు జరీ ఏపాటిదో తెలిసినవాళ్ళకి చూపించండి. అసలు వెండి జరీ అయితే దాన్ని కొనేవాళ్ళు ఉంటారు, ఆ డబ్బుతో పడుగు నూలంతా వచ్చేస్తుంది. పైగా పాత పట్టు మడతల దగ్గర పొడిలా విరిగిపోతుంది, కాళ్ళ కింద వేసే జంపఖానాకు ఎలాగూ తగదు.

ప్రతి బట్టనూ వెలుతురుకు ఎత్తి చూడండి. చీరల్లో కూర్చునే చోటు, కుచ్చిళ్ళ దగ్గర, అంచు మొదట్లో ముందుగా పలచబడుతుంది. రెండు పిడికిళ్ళతో బట్టను దగ్గరగా పట్టి, బొటనవేళ్ళతో ఎదురెదురుగా నొక్కి లాగండి. కొద్దిపాటి బలానికే చిన్న చప్పుడుతో విడిపోతే ఆ భాగం దిండులో కూరడానికే పనికొస్తుంది. నూలు చీరలో సగటున పావువంతు ఇలా పోతుందనుకుని లెక్క వేసుకుంటే తర్వాత ఇబ్బంది ఉండదు.

నిప్పు చెప్పే నిజం

'ప్యూర్ కాటన్' అని రాసి అమ్మిన చీర కాటనే కానక్కర్లేదు. స్కూలు యూనిఫారాలు ఎక్కువగా టెరికాట్, అంటే పాలిస్టర్ కలిసిన నూలు. సిరిసిల్ల మరమగ్గాల మీద నేసేదాంట్లో పాలిస్టరే ఎక్కువ. చేత్తో ముట్టి చెప్పగలమనుకోవడం పొరపాటు, ఒక్క పోగు కాల్చి చూడండి. నీళ్ళు పోసిన పళ్ళెం మీద, చిమటాతో పట్టుకుని, గాలి ఆడే చోట.

నూలు కాగితంలా మండుతుంది, మంట తీసేసినా కొనలో నిప్పు కాసేపు రగులుతుంది, మిగిలేది ముట్టుకుంటే రాలిపోయే బూడిద. విస్కోస్, అంటే రేయాన్, కూడా అలాగే కాలుతుంది. దాన్ని పట్టుకోవాలంటే తడిపి లాగండి. నూలు తడిస్తే గట్టిపడుతుంది, విస్కోస్ తడిస్తే బలం చాలా పోతుంది. పాలిస్టర్ మంటకు దూరంగానే ముడుచుకుని, కరిగి, నల్లపొగ వదిలి, గోటితో నలగని గట్టి నల్లపూసలా మిగులుతుంది. పట్టు, ఉన్ని జుట్టు కాలిన వాసన వేస్తాయి, వాటి నల్లపూస వేళ్ళ మధ్య పొడి అవుతుంది. బూడిదలో గట్టి ముక్కలు కలిసి ఉంటే అది కలనేత, అంటే నూలూ సింథటిక్కూ కలిపి నేసింది.

దీన్నిబట్టి మూడు కుప్పలు చేయండి: నూలు, కలనేత, సింథటిక్. ఒక జంపఖానాలో ఒక కుప్పే వాడాలి. పాలిస్టర్ పట్టీ జారుడు స్వభావంది, నీళ్ళు పీల్చదు, ఇస్త్రీ వేడికి మెరుపెక్కి ముడుచుకుపోతుంది. నూలు పక్కన పెడితే ఉతికినప్పుడు ఒకటి కుంచించుకుపోయి రెండోది బుడగల్లా పైకి లేస్తుంది. అలాగని పారేయక్కర్లేదు, సింథటిక్ కుప్ప సంచులకూ, అరుగు మీద వేసే చాపలకూ బాగా సరిపోతుంది.

ఉతకడం, రంగు దిగడం

కత్తిరించే ముందే అంతా ఉతకాలి. పట్టీలుగా చేశాక ఉతికితే చిక్కుపడి ఉండలు కడుతుంది. గంజి పెట్టిన చీరల్ని రాత్రంతా గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టండి, గంజి మిగిలితే నిల్వలో పురుగు పడుతుంది. ఎవరివో తెలియని బట్టల్ని వేడినీళ్ళలో సబ్బుతో ఉతికి, ఎండలో పూర్తిగా ఆరనివ్వండి. దర్జీ దుకాణం నుంచి తెచ్చిన కొత్త ముక్కలూ ఉతకాలి. అవి ఇంకా కుంచించుకుపోలేదు, పాత బట్ట ఎప్పుడో కుంచించుకుపోయింది. రెండూ కలిపి నేస్తే తొలి ఉతుకులోనే తేడా బయటపడుతుంది.

ముదురు ఎరుపు, నల్ల, నీలం బట్టల్ని పరీక్షించాలి. అరచేతిలో సగం ముక్కను తడిపి, తెల్ల గుడ్డలో మడిచి, బరువు పెట్టి పది నిమిషాలు ఉంచండి. తెల్ల గుడ్డకు మరక అంటితే ఆ బట్టను ఇంకో మూడుసార్లు విడిగా ఉతికి మళ్ళీ చూడండి. అప్పటికీ దిగుతుంటే లేత రంగుల దగ్గరకు రానివ్వకండి. ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందని ఇంటింటా అనుకుంటారు. అద్దకంలో రంగు బట్టలోకి వెళ్ళడానికి ఉప్పు సాయపడుతుంది, అంతే. అద్దిన బట్ట నుంచి రంగు కారకుండా ఆపే శక్తి దానికి లేదు.

వెలిసిపోయిన తెలుపులు, మరకలున్న పంచెలు ఎక్కువగా ఉంటే వాటన్నిటికీ ఒకే రంగు వేసి దారికి తెచ్చుకోవచ్చు. శ్రీకాళహస్తి కలంకారీలో నలుపు వచ్చే పద్ధతి ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది. బట్ట బరువులో ఐదోవంతు కరక్కాయ పొడి నీళ్ళలో కలిపి, బట్ట నానబెట్టి, పిండి ఆరబెట్టండి. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం కలిపి రెండు మూడు వారాలు పులియబెట్టి వడకట్టిన నీళ్ళను పలచన చేసి అందులో ముంచితే బూడిదరంగు నుంచి నలుపు దాకా వస్తుంది. ఇనుము మోతాదు మించితే నూలు పోగు కాలక్రమంలో పెళుసుబారుతుంది. అందుకే ఒక్క ముంచుడుతో ఆపి, వెంటనే బాగా జాడించాలి. నల్లగా నిగనిగలాడాలనుకుంటే ఇది వద్దు, బూడిదరంగు చాలనుకుంటే ఇంతకు మించింది లేదు.

పట్టీ వెడల్పు: అసలు కిటుకు ఇదే

మొదటిసారి నేసినవాళ్ళ జంపఖానా ఎగుడుదిగుడుగా రావడానికి ఒకటే కారణం. అన్ని బట్టల్నీ ఒకే వెడల్పున కోస్తారు. మూడు సెంటీమీటర్ల చీర పట్టీ దారంలా సన్నగా, మూడు సెంటీమీటర్ల జీన్స్ పట్టీ తాడులా లావుగా ఉంటుంది. సమానంగా ఉండాల్సింది వెడల్పు కాదు, మీటరు పట్టీ బరువు. మెత్తగా, కాళ్ళకు హాయిగా ఉండే జంపఖానాకు మీటరుకు 3.5 గ్రాములు మంచి కొలత.

ముందుగా బట్ట మందం కొలవాలి. 10 × 10 సెంటీమీటర్ల ముక్కలు పది కోసి కలిపి తూచి, వచ్చిన గ్రాముల్ని పదితో గుణించండి. చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో వస్తుంది, అదే జీఎస్ఎం. వంటింటి తూకం ఒక్క ముక్క బరువును పట్టుకోలేదు కాబట్టే పది ముక్కలు. ఇప్పుడు 350ని ఆ జీఎస్ఎంతో భాగిస్తే పట్టీ వెడల్పు సెంటీమీటర్లలో వస్తుంది. 70 జీఎస్ఎం నూలు చీరకు 5 సెంటీమీటర్లు. 120 ఉన్న దుప్పటికి దాదాపు 3. 160 ఉన్న టీషర్టుకు 2.2. 400 ఉన్న జీన్స్‌కు 1 కంటే కొంచెం తక్కువ. జీన్స్ అంత సన్నగా కోస్తే పోగులు విడిపోతాయి, అందుకే దాన్ని ఒకటిన్నర సెంటీమీటరుకు కోసి అంచు వరసల్లోనే వాడటం మేలు.

చీర, దుప్పటి లాంటి నేత బట్టను కత్తిరించవద్దు, చించండి. అంచున చిన్న గాటు పెట్టి లాగితే పోగు వెంట తిన్నగా చిరుగుతుంది. దుమ్ము బాగా లేస్తుంది కాబట్టి ముక్కుకు గుడ్డ కట్టుకోండి, ఇంట్లో కాకుండా వరండాలో కూర్చోండి. ఐదున్నర మీటర్ల పొడవు, 115 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న చీరను నిలువునా 5 సెంటీమీటర్ల పట్టీలుగా చింపితే 23 పట్టీలు, మొత్తం 126 మీటర్లు. చీర బరువు సుమారు 440 గ్రాములు. మీటరుకు 3.5 గ్రాములు, లెక్క సరిపోయింది.

టీషర్టును చించలేరు. చంకల కింద అడ్డంగా కోసి, వచ్చిన గొట్టాన్ని గుండ్రంగా మెలికలు తిరిగేలా కోస్తూ పోతే ఒకటే పొడవాటి పట్టీ వస్తుంది. చివర్లు పట్టి ఒక్కసారి లాగితే అంచులు లోపలికి చుట్టుకుని తాడులా అవుతుంది. నేసేముందే ఇలా లాగాలి. లేకపోతే మగ్గం మీద సాగి, దించాక ముడుచుకుంటుంది.

పట్టీల్ని అతకడానికి ముడి వేయకండి. కాలికి తగులుతుంది, అక్కడే ముందు అరుగుతుంది. రెండు కొనల్నీ ఏటవాలుగా కోసి, 8 సెంటీమీటర్ల మేర ఒకదానిపై ఒకటి పెట్టి, నేసేటప్పుడే పడుగులో కలిపేయడం అన్నిటికంటే శుభ్రమైన పద్ధతి. కుట్టుమిషను ఉంటే అంచులు లంబంగా పెట్టి ఏటవాలు కుట్టు వేయొచ్చు. రెండు కొనల్లో గాటు పెట్టి ఒకదాంట్లోంచి ఒకటి దూర్చే పద్ధతి తొందరగా అవుతుంది గానీ ప్రతి అతుకు దగ్గరా చిన్న గడ్డ మిగులుతుంది. చదునైన జంపఖానాకు అది వద్దు. రంగుల వారీగా ఉండలు చుట్టి, ప్రతి ఉండకూ బరువు రాసిన చీటీ గుచ్చండి.

రంగుల కూర్పు

ఉండలన్నీ నేల మీద పేర్చి, ఫోనులో నలుపు తెలుపు ఫొటో తీయండి. ఎరుపు, ఆకుపచ్చ ఒకదానికొకటి దూరమనిపించినా ఫొటోలో రెండూ ఒకే బూడిదరంగులో పడొచ్చు. జంపఖానాలో కంటికి మొదట తెలిసేది ముదురు, లేత తేడాయే, రంగు పేరు తర్వాతే. కాబట్టి ముదురు, నడిమి, లేత అని మూడు బుట్టల్లో వేసి తూచండి.

పూల చీరలు మోసం చేస్తాయి. పట్టీగా చేసి మెలి తిప్పితే పూలు పోయి, అన్ని రంగులూ కలిసి ఒక మసక రంగు మిగులుతుంది. ఆ రంగే మీ రంగు. జానెడు పట్టీని అట్టముక్క మీద దగ్గర దగ్గరగా చుట్టి చూస్తే నేతలో ఎలా కనపడుతుందో తెలుస్తుంది. ప్రతి ఉండకూ ఇలాంటి అట్టముక్క చేసుకుంటే అదే మీ షేడ్ కార్డు.

ఒక ఉదాహరణ లెక్క. చేతిలో 2.6 కిలోలు ఉందనుకుందాం: ముదురు 1.3 కిలోలు, నడిమి 900 గ్రాములు, లేత 400 గ్రాములు. నూటికి 50, 35, 15 పాళ్ళు. దీన్ని 20 వరసల కొలతలోకి మారిస్తే ముదురు 10, నడిమి 7, లేత 3. ఇదే మీ డిజైను మూలం. దీనికి ఎరుపు, నీలం అనే పేర్లు లేవు, బుట్టలే ఉన్నాయి. ముదురు బుట్టలో వంగపండు ఉంటే వంగపండు, అది అయిపోతే ముదురాకుపచ్చ. జంపఖానా చెడదు.

నాలుగింటికీ ఇదే పాళ్ళు, అమరిక మాత్రం మార్చండి. మొదటిదాంట్లో 10–7–3 అలాగే. రెండోదాంట్లో ముదురును రెండుగా విడగొట్టి 5–7–5–3. మూడోదాంట్లో లేత మూడు వరసల్నీ ముదురు మధ్యలో ఒక్కొక్కటిగా చెదరగొట్టండి. నాలుగోదాంట్లో ముదురంతా ఒక కొసన, లేతంతా రెండో కొసన వచ్చేలా మెల్లమెల్లగా మార్చండి. బరువు ఒకటే, రూపాలు నాలుగు. తక్కువగా ఉన్న రంగు ఏదైనా, ఉదాహరణకు ఒక్క పసుపు జాకెట్టే ఉంటే, దాన్ని మొదటి జంపఖానాలో ఖర్చుపెట్టేయకుండా నాలుగింటికీ ముందే పంచి పెట్టేయండి.

వీటన్నిటినీ కట్టి ఉంచేది పడుగు రంగు. నాలుగింటికీ ఒకే పడుగు, అదీ ముదురు రంగు: నల్ల, ముదురు నీలం లేదా కాఫీపొడి రంగు. తెల్ల పడుగు వేస్తే ముదురు పట్టీల మీద అంతటా తెల్ల చుక్కలు లేచి కూర్పంతా చెదిరినట్టు కనపడుతుంది.

పడుగు లెక్క

పడుగు కూడా పాత నూలుతోనే వేయాలని పట్టుబట్టేవాళ్ళున్నారు. వద్దు. జంపఖానా బలమంతా పడుగులోనే ఉంది. విప్పిన స్వెటరు ఉన్ని సాగుతుంది, మగ్గాల దగ్గర మిగిలే పడుగు కొసలు పొట్టివి. పడుగు తెగితే పేక, అంటే అడ్డంగా నేసే పట్టీ, ఎంత మంచిదైనా వృథా. కొత్త నూలు వాడి, ఎంత వాడారో నిజాయితీగా చీటీ మీద రాయండి.

10ల నంబరు నూలు, నాలుగు పోగులు పురిపెట్టింది తీసుకోండి. నంబరు అంటే ఒక పౌండు బరువులో ఎన్ని చిలపలు ఉంటాయన్నది. ఒక చిలప 840 గజాలు, అంటే 768 మీటర్లు. నంబరును 1.693తో గుణించి, పురిలో ఉన్న పోగుల సంఖ్యతో భాగిస్తే గ్రాముకు ఎన్ని మీటర్లో వస్తుంది. ఇక్కడ 4.23 మీటర్లు.

నేశాక వెడల్పు 60 ఉండాలంటే అచ్చులో, అంటే పోగుల్ని విడివిడిగా పట్టి ఉంచే దువ్వెనలాంటి భాగంలో, 65 సెంటీమీటర్లు పరచాలి, మగ్గం దించాక అంత లోపలికి లాక్కుంటుంది. సెంటీమీటరుకు 4 పోగులు, అంటే అంగుళానికి 10. మొత్తం 260. అంచులు గట్టిగా ఉండటానికి రెండు వైపులా నాలుగేసి పోగులు అదనం, 268. పొడవు విషయానికొస్తే ఒక్కో జంపఖానాకు 90 సెంటీమీటర్లు నేతలో, ఉతుకులో తగ్గేదానితో కలిపి 104. కుచ్చులకు రెండువైపులా పన్నెండేసి, 24. మొత్తం 128. నాలుగింటికి 512, నమూనాకు 40, మగ్గం మీద వృథా అయ్యేది 80. మొత్తం 632, దాన్ని ఆరున్నర మీటర్లు చేయండి. 268 × 6.5 అంటే 1742 మీటర్లు, సుమారు 412 గ్రాముల నూలు. అరకిలో కొంటే తెగిన పోగులకు కూడా సరిపోతుంది.

మగ్గం లేకపోతే నమూనా వరకు పాత ఫొటో ఫ్రేము చాలు. పైనా కిందా అర సెంటీమీటరుకు ఒక మేకు, చెక్క పగలకుండా రెండు వరసల్లో ఎడంగా కొట్టండి. ప్రతి మేకు చుట్టూ పడుగు తిప్పుతూ పైకీ కిందికీ వేస్తే మేకుకు రెండు పోగుల చొప్పున అదే సాంద్రత వస్తుంది. అసలు పనికి మగ్గం ఉన్నవాళ్ళ చేత నేయించుకోవచ్చు. జంపఖానాల నేతకు వరంగల్ కొత్తవాడ పేరున్న చోటు, వరంగల్ దర్రీలకు 2018లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు, కూడా వచ్చింది. పేలికల పట్టీతో నేయించుకున్న మీ సరుకుకు మాత్రం ఆ జీఐ పేరు తగిలించకండి, అది వేరే సరుకు.

నమూనా, ఆ తర్వాత నేత

20 × 20 సెంటీమీటర్ల నమూనా నేసి, ఉతికి, ఆరాక తూచండి. వచ్చిన గ్రాముల్ని 25తో గుణిస్తే చదరపు మీటరు బరువు. నమూనా 44 గ్రాములు తూగిందనుకుందాం. చదరపు మీటరుకు 1100. మీ జంపఖానా 0.54 చదరపు మీటర్లు కాబట్టి 594 గ్రాములు. అందులో పడుగు 66 తీసేస్తే పట్టీ 528. అతుకులకూ వృథాకూ నూటికి 15 కలిపితే దాదాపు 610. నాలుగింటికి 2.44 కిలోలు. చీరకు 330 గ్రాములు పనికొస్తాయనుకుంటే ఎనిమిది చీరలు. నమూనా లేకుండా పెద్ద పని మొదలుపెట్టకండి, ఈ లెక్కలన్నీ దానిమీదే నిలబడ్డాయి.

నేత మొదలుపెట్టేటప్పుడు పడుగు నూలుతోనే ఆరు వరసలు నేయండి, పట్టీలు జారకుండా అది కట్టులా ఉంటుంది. తర్వాత పట్టీ. పేకను అటూ ఇటూ తీసుకెళ్ళే మామూలు నాడెలో పట్టీ పట్టదు, అరమీటరు చెక్కబద్దకు రెండు కొసలా గాడి కోసి దానికి చుట్టుకోండి. ఒక్కో జంపఖానాకు సుమారు 215 వరసలు పడతాయి. మొదట ముదురు 8, చివర ముదురు 7, మధ్యలో 20 వరసల కూర్పు పదిసార్లు.

పట్టీని తిన్నగా లాగి కొట్టకూడదు. పడుగు మధ్య కొండలా వంపుగా పరచి, తర్వాత పడుగులో పై పోగుల్ని కిందికీ, కింది పోగుల్ని పైకీ మార్చి, రెండుసార్లు గట్టిగా కొట్టాలి. వంపు తక్కువైతే అంచులు లోపలికి లాక్కుపోతాయి, నడుము సన్నబడిన జంపఖానా తయారవుతుంది. పది సెంటీమీటర్లకొకసారి టేపు పెట్టి వెడల్పు చూడండి. 63 కంటే తగ్గితే అక్కడే ఆగి విప్పండి. ముందుకు వెళితే సర్దుకుంటుందన్న ఆశ వద్దు, సర్దుకోదు. రెండు కొసలా మేకులున్న బద్దను అడ్డంగా గుచ్చి అంచుల్ని పట్టి ఉంచితే ఈ బాధ చాలావరకు పోతుంది.

అంచు దగ్గర పట్టీ తిప్పేటప్పుడు ఒక మెలిక వేస్తే కోసిన అంచు లోపలికి పోయి చుట్టూ నీటుగా ఉంటుంది. కొత్త పట్టీ ఎప్పుడూ అంచున మొదలుపెట్టకండి, ఓ అరచెయ్యి లోపల కలపండి. వరసగా రెండు మూడు అతుకులు ఒకేచోట పడితే అక్కడ గట్టు లేస్తుంది, పట్టీని కొంచెం కోసి అతుకు జరపండి.

నేల మీద పరిచాక ఒక మూల పైకి లేస్తే పడుగు ఒకవైపు వదులుగా ఉందని అర్థం. మధ్యలో ఉబ్బితే అక్కడ పట్టీ లావయ్యింది, లేదా వంపు ఎక్కువైంది. మొదటి రకాన్ని నేశాక బాగుచేయలేం. రెండోది తడిపి, బరువు పెట్టి, చదునుగా ఆరబెడితే కొంత తగ్గుతుంది.

దించేముందు చివర మళ్ళీ నూలుతో ఆరు వరసలు. కోశాక నాలుగేసి పోగులకు ఒక ముడి, వైపుకు 67 ముడులు, నేతకు ఆనుకుని బిగించాలి. చల్లటి నీళ్ళలో ముంచి, పిండకుండా, నీడలో పరిచి ఆరబెట్టండి. తీగ మీద వేలాడదీస్తే తడి బరువుకు సాగి వంకర తిరుగుతుంది.

చిన్న ముక్కలకు బొంత

జాకెట్టు ముక్కలు, పట్టీకి రాని కొసలు బొంతలోకి వెళ్తాయి. 150 × 210 సెంటీమీటర్ల బొంతకు 15 సెంటీమీటర్ల గళ్ళు అడ్డం 10, నిలువు 14, మొత్తం 140. కుట్టు మడతకు చుట్టూ ఒక్కో సెంటీమీటరు ఇచ్చి 17కు కోయండి. ముక్క ఏటవాలుగా ఉంటే సాగుతుంది, అలాంటివాటిని పలచటి పాత లైనింగు బట్ట మీద పేర్చి కుట్టి, తర్వాత చదరంగా కోసుకోవాలి. పైన గళ్ళు, మధ్యలో రెండు పొరల చిరిగిన చీరలు, అడుగున ఒక మంచి చీర. పొరలన్నిటినీ జానెడు దూరపు పెద్ద కుట్లతో ముందు పట్టించి, ఆ తర్వాతే చేతికుట్టు. వరసకూ వరసకూ రెండున్నర సెంటీమీటర్లు, కుట్టు అర సెంటీమీటరు. పట్టించకుండా కుడితే అడుగు చీర ముడతలు పడి చివర్లో ఒక మూల మిగిలిపోతుంది, అప్పుడు విప్పడం తప్ప దారి లేదు.

దానికీ రాని పీలికలన్నీ దిండ్లలో కూరండి. గట్టిగా కూరితే రాయిలా ఉంటుంది, అంగుళం కంటే పెద్ద ముక్కల్ని ఇంకా చిన్నగా కోసి వదులుగా నింపాలి.

ధర, చీటీ

సరుకు ఉచితం కాబట్టి ధర తక్కువ ఉండాలని కొనేవాళ్ళు అంటారు, చేసేవాళ్ళూ ఒప్పేసుకుంటారు. ఈ పనిలో ఖర్చంతా చేతి కష్టమే. గడియారం పెట్టి రాసుకోండి. ఉదాహరణకు ఉతకడం, వేరుచేయడం 40 నిమిషాలు, చించడం, అతకడం 2 గంటలు, నేత రెండున్నర గంటలు, ముడులు, ఉతుకు 40 నిమిషాలు అనుకుందాం. మొత్తం 5 గంటల 50 నిమిషాలు. ఎనిమిది గంటల కూలి 500 రూపాయలు అనుకుంటే కూలి 365 దాకా. దానికి 103 గ్రాముల పడుగు నూలు, సబ్బు, మగ్గం అద్దె, పాడైపోయే సరుకు కోసం నూటికి పది కలపండి. వచ్చేది అసలు ఖర్చు, లాభం దానిమీద. చించే సమయం నేత సమయానికి దగ్గరగా ఉండటం చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. అందుకే చీరలు, దుప్పట్లు లాంటి పెద్ద బట్టలకే మొదటి ప్రాధాన్యం.

చీటీ మీద 'వంద శాతం రీసైకిల్డ్' అని రాయకండి. కుచ్చులతో కలిపి జంపఖానా 609 గ్రాములు, అందులో పాత బట్ట 528. అంటే నూటికి 87, మిగతాది కొత్త నూలు పడుగు. ఆ అంకె అలాగే రాయండి. కిందే బట్ట రకం, విడిగా చల్లనీళ్ళలో ఉతకాలన్న మాట, పరిచి ఆరబెట్టాలన్న మాట. ప్రాజెక్టు ఫైలులో మాత్రం తెచ్చిన బరువు, వాడిన బరువు, దిండులోకి పోయిన బరువు మూడూ వేర్వేరు గళ్ళలో ఉండాలి. మూడింటికీ మధ్య తేడా వస్తే ఎక్కడో ఒక ఉండ తూచకుండా వాడేశారన్నమాట.